ఆసియా క్రైస్తవ వేదాంతుల సహకారం: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో నెలకొకసారి కూడే మా చిన్న అధ్యయన కూటానికి పాస్టర్లు, ఉపదేశులు, బైబిలు స్కూలు విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు కాథలిక్ సిస్టర్లు, రిటైరైన బడిపంతుళ్ళు వస్తుంటారు. ఆసియా దేశాల వేదాంతులు ఒకరితో ఒకరు కలిసి చేసే పని గురించి మాట వచ్చినప్పుడల్లా అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి. ఫోనులో అడిగేవీ అవే, పెళ్ళి విందులో పక్కన కూర్చున్నవారు అడిగేవీ అవే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించి, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలను ఉంచి ఈ పేజీని సిద్ధం చేశాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గర వారు ఆగి చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

మన బైబిలు మనకుంది, మన సంఘం మనకుంది. పరాయి దేశాల వేదాంతులతో మనకేం పని?

బైబిలు ఒకటే అయినా దానిని చదివే ఇల్లు, వీధి, ఇరుగుపొరుగు ఒకటి కావు. మన పాస్టర్ల అలమరల్లో ఉండే వ్యాఖ్యాన గ్రంథాలలో ఎక్కువభాగం అమెరికాలోనో ఇంగ్లండులోనో, చుట్టూ అందరూ క్రైస్తవులే ఉన్న ఊళ్ళ కోసం రాసినవి. ఫిలిప్పీన్స్, తూర్పు తిమోరు వంటి కొద్ది దేశాలను మినహాయిస్తే ఆసియాలో క్రైస్తవులు దాదాపు అన్నిచోట్లా తక్కువమందే, అందువల్ల వారి ప్రశ్నలు మన ప్రశ్నలకు దగ్గరగా ఉంటాయి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. పెత్రమాస నాడు చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇవ్వడానికి అన్నదమ్ములు పిలిస్తే క్రైస్తవుడైన తమ్ముడు వెళ్ళవచ్చా అని మా కూటంలో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ప్రశ్నకు ఇంగ్లీషు వ్యాఖ్యానాలలో జవాబు దొరకదు. చైనా కాథలిక్కులు మాత్రం పూర్వికులకు చేసే మర్యాద పూజ అవుతుందా, కృతజ్ఞత అవుతుందా అని తరతరాలు వాదించుకున్నారు. రోము 1742లో దానిని గట్టిగా నిషేధించి, 1939లో చాలావరకు అనుమతించింది. కొరియా ప్రొటెస్టెంట్లు ఆ రోజున ఇంట్లో స్మారక ఆరాధన జరుపుకునే పద్ధతిని తెచ్చుకున్నారు. వారు చేసినట్టే మనమూ చేయాలని కాదు, అదే ముడిని మనకన్నా ముందు పట్టుకుని కూర్చున్నవారు ఏం నేర్చుకున్నారో తెలుసుకోకపోవడం నష్టం.

"వేదాంతం" అంటే శంకరాచార్యులది కదా? మనం ఆ మాట వాడవచ్చా?

వాడుతూనే ఉన్నాము. ప్రొటెస్టెంటు సంఘాలలో "వేదాంత విద్య", "వేదాంత కళాశాల" అన్న మాటలు తరతరాలుగా ఉన్నాయి. కాథలిక్కులు ఎక్కువగా "దైవశాస్త్రం" అంటారు. బయటివారికి వేదాంతం అనగానే ఉపనిషత్తులు గుర్తుకు వస్తాయి, ఊళ్ళో అయితే "వాడికి వేదాంతం పట్టుకుంది" అంటే సంసారం మీద విరక్తి కలిగిందని అర్థం. నావరకు "దైవశాస్త్రం" స్పష్టమైన మాటే అయినా, శాస్త్రం అనగానే పరీక్ష రాయాలేమోనని జనం వెనక్కి తగ్గుతారు. అందువల్ల ఇక్కడ అలవాటైన మాటనే ఉంచాను.

ఆసియా అంటే చైనా, జపాన్, కొరియా కదా. మనం అందులో ఎప్పుడు చేరాం?

మొదటినుంచీ ఉన్నాము. ఆసియా సంఘాలు, వేదాంతులు కూడే సభలలో భారతీయులు, శ్రీలంక వారు ప్రారంభం నుంచి ముందు వరుసలోనే ఉన్నారు. నిజానికి "ఆసియా" అన్నది మనవాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు, ఐరోపా వారు తమకు తూర్పున ఉన్నదంతా ఒక మాటలో చుట్టిపెట్టిన పేరు. ఆ పేరుతోనే ఒకరినొకరు గుర్తుపట్టవలసి రావడంలోని ఇబ్బందిని ఆసియా వేదాంతులే తరచు ఎత్తి చూపుతారు.

ఇదంతా విదేశీ డబ్బుతో నడిచే వ్యవహారం కాదా?

చాలావరకు అవును, దీనిని దాచవలసిన పని లేదు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలో వేదాంత విద్యను బలపరచడానికి 1950ల చివర ఏర్పడిన థియలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్ తొలి మూలధనం నలభై లక్షల డాలర్లు. అందులో సగం జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చినది, మిగిలిన సగం అమెరికా మిషన్ బోర్డులు కూర్చినది. అయితే డబ్బు ఇచ్చినవారి ఆలోచనే చివరివరకూ నడిచిందనుకుంటే పొరపాటు. తైవాన్‌లోని తైనాన్ వేదాంత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన షోకీ కో ఆ ఫండ్ నాయకత్వంలోకి వచ్చాక, పడమటి పాఠాలను దిగుమతి చేసుకోవడం చాలదని, సువార్త ఆయా నేలల నడుస్తున్న చరిత్రతో ముఖాముఖి తలపడాలని 1972 ప్రాంతంలో వాదించారు. ఇప్పుడు ప్రతి బైబిలు కాలేజీ సిలబస్‌లోనూ కనబడే "సందర్భీకరణ" అన్న మాటకు మూలం అక్కడ ఉంది. పడమటి డబ్బుతోనే పడమటి పాఠం గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించారు.

## ఎవరు ఎవరితో కలిశారు

దీనికి మన డోర్నకల్‌తో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, అదీ చిన్న సంబంధం కాదు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1903లో అక్కడి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో నడిపే ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ముఖ్యుడు. 1909లో ఆ సొసైటీ పని మీద అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు తానే వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడి మాల, మాదిగ పల్లెల మధ్య పని మొదలుపెట్టారు. మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు పన్నెండు వందల మందికి పైగా ఉంటే, ఆసియా వారు ఇరవై మందికి మించలేదు. వారిలో అజరయ్య ఒకరు, చైనా నుంచి వచ్చిన చెంగ్ జింగ్‌యీ మరొకరు. సభ అజరయ్యకు ఇచ్చిన అంశం విదేశీ, స్వదేశీ పనివారి మధ్య సహకారం.

అజరయ్య అక్కడ మర్యాద మాటలతో సరిపెట్టలేదు. పనివారి మధ్య స్నేహం లేదని, మిషనరీలు భారతీయులతో కలిసి కూర్చుని భోజనం చేయడం కూడా అరుదని ముఖం మీదనే చెప్పారు. మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని, మీరు బీదలకు ఆస్తి పంచిపెట్టారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అని ముగించారు. సభలో చాలామందికి అది నచ్చలేదు. అయినా ఆసియా క్రైస్తవులు సహకారం గురించి ఇప్పటికీ మొదలుపెట్టేది ఆ ప్రసంగంతోనే.

1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు, పీఠం డోర్నకల్. 1919లో తరంగంబాడిలో వేర్వేరు మిషన్ల భారతీయ నాయకులు కూర్చుని ఐక్యత కోసం ప్రకటన రాసినప్పుడు ముందు నిలిచినవారిలో ఆయన ఉన్నారు. ఆ చర్చల ఫలమైన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడేనాటికి ఆయన లేరు, 1945 జనవరి 1న మరణించారు.

కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలులో డోర్నకల్ జంక్షన్‌లో దిగి, 1939లో ప్రతిష్ఠించిన కెథీడ్రల్ ముందు ఒకసారి నిలబడి చూడండి. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుకు తెస్తాయి, మధ్యలో సిలువ ఉంటుంది. "ఆసియా వేదాంతం" అన్న మాట పుస్తకాలకు ఎక్కకముందే మన జంక్షన్ పక్కన రాతితో కట్టి ఉందని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

సి.సి.ఏ., క్యాట్స్, అటేసియా, ఏ.టి.ఏ., ఈట్‌వాట్. ఇన్ని పేర్లలో ఏది ఏమిటి?

సి.సి.ఏ., అంటే క్రిస్టియన్ కాన్ఫరెన్స్ ఆఫ్ ఆసియా, సంఘాలకూ జాతీయ క్రైస్తవ మండలులకూ కూడలి. 1957లో సుమత్రాలోని ప్రపాత్‌లో తీర్మానమై, 1959లో కౌలాలంపూర్‌లో ఈస్ట్ ఆసియా క్రిస్టియన్ కాన్ఫరెన్స్ పేరుతో మొదలై, 1973లో ఇప్పటి పేరు తీసుకుంది. శ్రీలంక మెథడిస్టు డి.టి. నైల్స్ దానికి తొలి ప్రధాన కార్యదర్శి. క్యాట్స్, అంటే కాంగ్రెస్ ఆఫ్ ఆసియన్ థియలాజియన్స్, సంఘాధికారులది కాదు, బోధించేవారిదీ ఆలోచించేవారిదీ. మొదటిది 1997లో దక్షిణ కొరియాలోని సువాన్‌లో, రెండవది 1999లో బెంగళూరులో జరిగింది. అటేసియా 1957లో సింగపూర్‌లో పుట్టిన ఆగ్నేయాసియా వేదాంత కళాశాలల సంఘం. మన దేశంలో చాలా కళాశాలలకు అటువంటి ఛత్రం, వేదాంత డిగ్రీలు ఇచ్చే సెరంపూర్ సెనేట్. ఏ.టి.ఏ., అంటే ఆసియా థియలాజికల్ అసోసియేషన్, 1970లో ఇవాంజెలికల్ (సువార్త ప్రకటనకు పెద్దపీట వేసే) కళాశాలలు, పండితులు ఏర్పరచుకున్నది. ఈట్‌వాట్, అంటే మూడవ ప్రపంచ వేదాంతుల సంఘం, 1976లో టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో మొదలై, ఆసియాతో పాటు ఆఫ్రికా, లాటిన్ అమెరికా వేదాంతులను కూడా కలుపుకుంది.

పంచాయతీ, రచ్చబండ, బడి అన్నవి ఊళ్ళో మూడూ ఉంటాయి, మనుషులు మాత్రం వారే తిరుగుతుంటారు. ఇక్కడా అంతే.

కాథలిక్కులు ఈ సభలకు వస్తారా, వారి దారి వారిదేనా?

రెండూ. కాథలిక్ బిషపులకు ఆసియా మొత్తానికి సొంత సమాఖ్య ఉంది. 1970లో పోప్ ఆరవ పౌలు మనీలా వచ్చినప్పుడు అక్కడ కూడిన బిషపుల ఆలోచనలో నుంచి అది పుట్టింది, తొలి సర్వసభ్య సమావేశం 1974లో తైపేలో జరిగింది. ఆసియాలో సంఘం పేదలతో, సంస్కృతులతో, ఇతర మతాలతో సంభాషణలో బతకాలన్నది ఆ సమావేశం నుంచి ఇప్పటివరకు వారి ముఖ్య సూత్రం. వేదాంతుల స్థాయిలో గోడలు ఇంకా తక్కువ. శ్రీలంక జెస్యూట్ ఫాదర్ అలోషియస్ పియరిస్ రచనలను మన ప్రొటెస్టెంటు కళాశాలల్లోనూ చదువుతారు. ఆసియా సంఘం ఆసియా మతాల యొర్దానులోనూ ఆసియా పేదరికపు కల్వరిలోనూ బాప్తిస్మం పొందాలన్న ఆయన మాట చాలా ప్రసంగాలలో వినబడుతుంది. మన వద్ద 1952లో ఏర్పడిన వరంగల్ కాథలిక్ మేత్రాసనపు కెథీడ్రల్ కాజీపేట ఫాతిమానగర్‌లోనే ఉంది, అయినా అక్కడి గురువులనూ ఇక్కడి పాస్టర్లనూ ఒకే చదువు బల్ల దగ్గర కూర్చోబెట్టడం మనీలా ప్రయాణం కన్నా కష్టంగా ఉంది.

మింజుంగ్ అంటే ఏమిటి? దళిత వేదాంతానికి, దానికి ఏం చుట్టరికం?

మింజుంగ్ అన్నది కొరియా మాట. అధికారమూ ఆస్తీ లేని, అణచివేతకు గురైన జనం అని స్థూలంగా అర్థం. 1970 నవంబరు 13న సియోల్‌లోని బట్టల మార్కెట్లో ఛోన్ తే-ఇల్ అనే యువ కార్మికుడు, కుట్టుపని చేసే ఆడపిల్లల దుస్థితిని ఎవరూ పట్టించుకోవడం లేదని ఒంటికి నిప్పంటించుకున్నాడు. సంఘం ఏం చేస్తున్నదన్న ప్రశ్న అక్కడి వేదాంతులను కుదిపేసింది. బైబిలు పండితుడు ఆన్ బ్యుంగ్-ము మార్కు సువార్తను తిరగేసి, యేసు చుట్టూ ఎప్పుడూ మూగి ఉండే "జనసమూహము" ఎవరని అడిగారు. మన తెలుగు బైబిలులో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో, మనం దానిని ఎంత తొందరగా దాటిపోతామో ఒకసారి లెక్క పెట్టుకుంటే ఆయన పట్టుకున్నదేమిటో తెలుస్తుంది. 1979 అక్టోబరులో సి.సి.ఏ. వేదాంత విభాగం సియోల్‌లో ఏర్పాటు చేసిన సంప్రదింపుల వల్లనే ఈ ఆలోచన ఇంగ్లీషులోకి, మిగిలిన ఆసియాలోకి వచ్చింది. అదే నెల 26న కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ హత్యకు గురయ్యారు. అంత ఉద్రిక్తతలో ఆ మాటలు నడిచాయి.

మన వైపు 1981లో అర్వింద్ పి. నిర్మల్ బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో చేసిన ప్రసంగంతో, భారత క్రైస్తవ వేదాంతం అప్పటివరకు పై కులాల తత్వంతోనే సంభాషించిందన్న విమర్శ బలంగా వినబడింది. సంఘంలో ఎక్కువమంది దళితులే అయినా, వేదాంతంలో వారి బాధ కనబడదన్నది ఆయన వాదం. ఆ తరువాత కొరియా, భారత వేదాంతులు పలుమార్లు కలిసి కూర్చున్నారు. పోలికలు వెంటనే దొరికాయి, తేడాలు ఆలస్యంగా దొరికాయి. మింజుంగ్‌లో పుట్టినవాడు చదువుకుని అందులోనుంచి బయటపడవచ్చు. కులంలో నుంచి ఆ విధంగా బయటపడే దారి లేదు. జపాన్‌లో బురాకు జనుల గురించి రాసిన కురిబయాషి తెరువో వంటివారి రచనలు ఈ విషయంలో మనకు కొరియా వారికన్నా దగ్గరగా తోస్తాయి, ఎందుకంటే అక్కడి వివక్షా పుట్టుకతో వచ్చేదే.

ఒకసారి నర్సంపేట వైపు ఒక ఊళ్ళో స్త్రీల మైత్రి కూటంలో మింజుంగ్‌కు తెలుగు మాట చెప్పమని అడిగాను. "ప్రజలు" అని ఒకరన్నారు. అది ఓట్లప్పుడు అనే మాట అని పక్కనున్నవారు కొట్టిపారేశారు. "బడుగు జనం" అంటే పేపరు భాషలా ఉందన్నారు. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, వేళ్ళ కొసలు గీరుకుపోయిన ఒక పెద్దమ్మ చివరికి, "పేర్లు రాసేటప్పుడు ఆఖర్ల ‘మరియు ఇతరులు’ అని పెడ్తరు గద సారూ, ఆ ఇతరులం మేమే" అన్నది. ఇంతకన్నా మంచి అనువాదం నాకు ఇప్పటివరకు దొరకలేదు.

బర్రె వేదాంతం అని ఎవరో నవ్వుతూ చెప్పారు. నిజంగా ఉందా?

ఉంది. జపాన్ వేదాంతి కోసుకె కొయామా 1960 నుంచి 1968 వరకు ఉత్తర థాయిలాండ్‌లో మిషనరీగా ఉన్నారు. ప్రసంగించడానికి ఊళ్ళకు వెళ్ళే దారిలో వరి మళ్ళలో బర్రెలతో పనిచేసే రైతులను చూసి, వారికి అర్థం కాని మాట తాను పలకకూడదని నియమం పెట్టుకున్నారు. ఆ అనుభవం మీద రాసిన పుస్తకం 1974లో "వాటర్‌బఫెలో థియాలజీ" పేరుతో వచ్చింది. ఒక జపాన్ వ్యక్తి థాయి రైతు దగ్గర నేర్చుకున్నది ఇంగ్లీషులో రాస్తే మనం వరంగల్‌లో చదువుతున్నాము. ఆసియా సహకారం అంటే ఏమిటని అడిగినవారికి నేను తీర్మానాలకన్నా ముందు ఈ పుస్తకాన్ని చూపిస్తాను.

ఈ పెద్దల పేర్లలో తెలుగువారు ఎవరూ లేరా?

పాండిపెద్ది చెంచయ్య ఉన్నారు. 1886లో నెల్లూరులో పుట్టి, న్యాయవాదిగా, పుదుక్కోట్టై సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసి, 1959లో మరణించారు. పాస్టరు కారు, ప్రొఫెసరు కారు. 1938లో తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ సభ జరిగినప్పుడు, ఆయనా ఆయన బావమరిది వరుసైన చక్కరై, మరికొందరు మిత్రులూ కలిసి భారతదేశంలో క్రైస్తవాన్ని తిరిగి ఆలోచించాలంటూ ఒక వ్యాస సంపుటిని వెలువరించారు. క్రీస్తులో దేవుడు సరికొత్త మానవ సృష్టిని మొదలుపెట్టాడని, సంఘ వ్యవస్థకన్నా ఆ కొత్త జీవమే ముఖ్యమని చెంచయ్య నమ్మారు. ఆయనతో అన్ని విషయాలలో ఏకీభవించనక్కరలేదు, సంఘాన్ని ఆయన చాలా తేలికగా తీసుకున్నారని నాకే అనిపిస్తుంది. తెలుగువాడైన ఆయన తన వేదాంతాన్ని ఇంగ్లీషులో రాయడం వల్ల ఆయన పేరు కొరియాలో తెలిసినంతగా కోరుట్లలో తెలియదు.

ఆడవాళ్ళు ఎక్కడ? అన్నీ మగవాళ్ళ పేర్లే వింటున్నాం.

న్యాయమైన ఫిర్యాదు. ఆసియా క్రైస్తవ స్త్రీలు ఈ లోటును ఎవరో తీరుస్తారని ఎదురుచూడలేదు. కొరియాకు చెందిన లీ సన్-ఐ 1982లో "ఇన్ గాడ్స్ ఇమేజ్" అనే పత్రికను మొదలుపెట్టారు, దాని చుట్టూ ఆసియా స్త్రీ వేదాంతుల వనరుల కేంద్రం ఏర్పడింది. కాథలిక్ స్త్రీ వేదాంతులు 2002లో బ్యాంకాక్‌లో "ఎక్లీసియా ఆఫ్ విమెన్ ఇన్ ఆసియా" పేరుతో తొలి సమావేశం జరుపుకున్నారు. మన ప్రాంతంలో గడప గడపకూ వాక్యం మోసుకెళ్ళిన బైబిలు స్త్రీలు ఏం బోధించారో రాసిపెట్టినవారు తక్కువ. పెద్దవారు ఉండగానే ఆ పని ఎవరైనా చేపట్టాలి.

## చదువు, భాష, పుస్తకాలు

నేను బి.డి. (వేదాంత డిగ్రీ) చదవలేదు. ఇందులో నాకు చోటుంటుందా?

సభలలో వ్యాసం చదవాలంటే సాధారణంగా ఉన్నత డిగ్రీ అడుగుతారు. చదవడానికి, చర్చించడానికి ఏ డిగ్రీ అక్కరలేదు. క్రమమైన చదువు కావాలనుకుంటే, 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ స్థాపించిన సెరంపూర్ కళాశాల సెనేట్ కింద మన రాష్ట్రంలోనే కళాశాలలు ఉన్నాయి. 1964లో రాజమండ్రిలో వేర్వేరు సంఘాల ఉమ్మడి సంస్థగా మొదలై 1973లో హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వాటిలో అందరికీ తెలిసినది. ఉద్యోగం మానకుండా చదువుకునే సంఘ సభ్యుల కోసం సెనేట్‌కు దూరవిద్య కోర్సులు కూడా ఉన్నాయి.

ఇంగ్లీషు సరిగా రాదు. అప్పుడెలా?

ఈ సహకారం మొత్తానికి ఇదే బలహీనమైన కన్ను. కొరియావాడు, బర్మావాడు, తెలుగువాడు కలిస్తే మధ్యలో ఇంగ్లీషు కూర్చుంటుంది. ముగ్గురికీ అది అత్తగారి భాషే, ముగ్గురూ అందులో తడబడతారు కాబట్టి సిగ్గుపడవలసిన పని లేదు. తెలుగులో ఆలోచించి తెలుగులోనే మొత్తం రాసుకోవడం, ఆ తరువాత అనువాదానికి సహాయం తీసుకోవడం నేను చూసిన మంచి పద్ధతి. మొదటినుంచీ ఇంగ్లీషులో రాస్తే, మనకు వచ్చిన ఇంగ్లీషు ఎంతో మన ఆలోచన కూడా అంతకు కుదించుకుపోతుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? అన్నీ డాలర్లలో ఉన్నాయి.

కొనక్కరలేకుండా మొదలుపెట్టవచ్చు. అటేసియా, మన సెరంపూర్ సెనేట్ వేదాంత విద్యా మండలి వంటివి కలిసి నడిపిన "ఆసియా జర్నల్ ఆఫ్ థియాలజీ" వ్యాసాలు ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. ఎవరు ఏం రాశారో వెతకడానికి జాన్ ఇంగ్లండ్, ఇతరులు మూడు సంపుటాలుగా కూర్చిన "ఆసియన్ క్రిస్టియన్ థియాలజీస్" అనే పరిశోధన మార్గదర్శి ఉంది. దానిని కొనడం కష్టం, వేదాంత కళాశాలల గ్రంథాలయాలలో అడగండి.

## సభకు వెళ్ళేముందు

వ్యాసం పంపమన్నారు. ఏం రాయాలో తోచడం లేదు.

నేను చేసిన తప్పు చెబితే ఉపయోగపడవచ్చు. మొదటిసారి ఒక ఆసియా సభకు వ్యాసం తయారుచేసినప్పుడు, పాండిత్యం కనబడాలని జర్మను వేదాంతులను పేజీకి ముగ్గురు చొప్పున ఉదహరించాను. చదివి ముగించాక ఇండోనేషియా నుంచి వచ్చిన ఒకామె మెల్లగా, "మీ ఊరివాళ్ళు ఈ విషయంలో ఏమంటారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను మా ఊరివాళ్ళను అడగలేదు. భోజనాల దగ్గర కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మీ సంఘంలో తెగని ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. చావుకు డప్పు కొట్టడం తరాలుగా తమ మీద మోపిన వెట్టి అని, చర్చిలో డప్పు వద్దనే పెద్దలు కొందరు. అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా పట్టుకుని ఆరాధనకు తెస్తామనే యువకులు కొందరు. మన దగ్గర ఇది నిజమైన తగవు. ఇద్దరి మాటా వారి వారి వాక్యాలలో రాసి, తరువాత వాక్యం ఏమంటున్నదో, ఇతర దేశాలలో ఇటువంటి వాద్యాల విషయం ఎలా తేలిందో చూడండి. ఇటువంటి వ్యాసాన్ని వినడానికే వారు ఎక్కడినుంచో వస్తారు.

విదేశీ సంస్థ నా ఖర్చు భరిస్తానంటోంది. ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) చిక్కులు వస్తాయా?

ఆహ్వానించినవారు మీ టికెట్టు, బస తామే నేరుగా చూసుకుంటే, అది చట్టం భాషలో విదేశీ ఆతిథ్యం. దానికి ముందస్తు అనుమతి తీసుకోవలసినవారు శాసనసభ్యులు, పార్టీ పదవులలో ఉన్నవారు, న్యాయమూర్తులు, ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ సంస్థల ఉద్యోగులు. మీరు ప్రభుత్వ బడిలో టీచరుగా ఉంటూ పాస్టరుగా సేవ చేస్తుంటే ఈ సంగతి మరచిపోకండి. మీ సంఘం పేరున విదేశీ డబ్బు తీసుకోవడం వేరు విషయం. దానికి రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తరువాత రిజిస్ట్రేషన్ ఉన్న ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరొక సంస్థకు బదిలీ చేయడానికి వీలు లేదు. కాబట్టి "హైదరాబాదులో పెద్ద సంస్థకు వస్తుంది, వాళ్ళు మనకు పంపుతారు" అన్న పాత ఏర్పాటును నమ్ముకుని హాలు బుక్ చేయకండి.

అక్కడ అందరూ కలిసి ప్రభురాత్రి భోజనంలో పాల్గొంటారా?

ప్రొటెస్టెంట్లు చాలావరకు పాల్గొంటారు. కాథలిక్, ఆర్థడాక్స్ సభ్యులు తమ సంఘ నియమాన్ని బట్టి బల్ల దగ్గరకు రాకుండా ఆరాధనలో మాత్రం కూర్చుంటారు. ఎవరినీ బలవంతపెట్టరు.

## తిరిగి వచ్చాక

ఇతర మతాలతో సంభాషణ అంటే మన విశ్వాసాన్ని పలుచన చేసుకోవడం కాదా? మా పెద్దలు అదే అంటున్నారు.

పెద్దల భయాన్ని తేలికగా తీసిపారేయవద్దు. చాలామంది కుటుంబాన్ని, ఊరి మర్యాదను పోగొట్టుకుని విశ్వాసంలోకి వచ్చినవారు. వారికి సంభాషణ అనే మాట, విడిచి వచ్చిన గడపను మళ్ళీ తొక్కమన్నట్టు వినిపిస్తుంది. ఆసియా వేదాంతులందరూ ఈ విషయంలో ఒకే మాట మీద లేరు. ఇవాంజెలికల్ వేదాంతులు క్రీస్తు ఏకైకతను విడిచే మాటే లేదని ఆసియా ప్రశ్నలతోనే తలపడుతున్నారు. భారత పునరుజ్జీవన నాయకులు క్రీస్తును తమ తమ రీతిలో ఎలా గుర్తించారో రాసిన ఎం.ఎం. థామస్ మరొక దారి. పియరిస్‌ది ఇంకొక దారి. సంభాషణ అంటే ఒప్పుకోవడం కాదు, ఎదుటివారు తమ గురించి చెప్పేది పూర్తిగా వినడం. మా కూటంలో ఒక ఉపదేశి, తన పక్కింటి ముస్లిం మిత్రుడు రంజాన్ ఉపవాసం గురించి చెప్పినది విన్నాక తన శ్రమదినాల ఉపవాసం ఎంత సులువైనదో తెలిసి సిగ్గేసిందన్నాడు. ఆయన విశ్వాసం పలుచబడిన సూచన నాకేమీ కనబడలేదు.

ఈ సంస్థలు మతం పేరుతో రాజకీయం చేస్తాయని విన్నాను.

సింగపూర్ ప్రభుత్వం 1987 డిసెంబరులో ఇదే ఆరోపణతో సి.సి.ఏ.ను దేశం నుంచి పంపివేసింది. కార్యాలయం చెల్లాచెదురై, ఒసాకా, హాంకాంగ్‌ల మీదుగా చివరకు థాయిలాండ్‌లోని చియాంగ్ మాయికి చేరింది. కూలి, భూమి, ఖైదు వంటి మాటలు ఎత్తిన ప్రతివారినీ రాజకీయం చేస్తున్నారనడం ఆసియా ప్రభుత్వాలకు కొత్త కాదు. ఆమోసు ప్రవక్తకు కూడా బేతేలులో ప్రవచించవద్దు, యూదా దేశానికి పారిపొమ్మన్న ఆజ్ఞ వచ్చింది. అయితే ఏ సంస్థ ప్రకటననైనా గుడ్డిగా సమర్థించనక్కరలేదు, చదివి మీరే తేల్చుకోండి.

మా ఊళ్ళో ఇటువంటి కూటం మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

నలుగురైదుగురు మనుషులు, నెలకు ఒక సాయంత్రం, ఒక్క వ్యాసం చాలు. వేర్వేరు సంఘాలవారు ఉండేటట్టు చూసుకోండి, అందరూ ఒకే సంఘంవారైతే రెండో నెలకే అది కమిటీ మీటింగుగా మారుతుంది. వ్యాసం ఇంగ్లీషులో ఉంటే ఒకరు ముందుగా చదివి రెండు పేజీల తెలుగు సారాంశం రాయాలి, ఆ పని ప్రతి నెలా ఒకరి మీదే పడకూడదు. చర్చ తెలుగులోనే జరగాలి. పొలం పనుల రోజుల్లో, పరీక్షల నెలలో కూటం పెట్టకండి.

మాటలను రాసిపెట్టడం మాత్రం మొదటి రోజునుంచే చేయండి. మా దగ్గర అందుకు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంది. ఎడమ పేజీలో ఆ నెల చదివిన వ్యాసం సారాంశం, కుడి పేజీలో వచ్చినవారు అన్న మాటలు, ఎవరి యాసలో వారివి, దిద్దకుండా.